ఉద్వేగాల అవగాహనకు కొలమానం: ప్రాజెక్టు డైరీ

పరిధి తేల్చడం

పెద్దవాళ్లకు, తెలుగులో, ఒకే కూర్చోడంలో 50 నిమిషాల లోపు పూర్తయ్యే పరీక్షల సెట్టు తయారుచేయాలి. కొలవాల్సినవి రెండు. మనిషి తనలో కలిగే ఉద్వేగాలను ఎంత స్పష్టంగా గుర్తుపడతాడు? ఎదుటివాళ్లలో కలిగేవాటిని ఎంత సరిగ్గా పోల్చుకుంటాడు? ఈ రెండింటినీ కలిపి ఒకే స్కోరు ఇవ్వకూడదని మొదటి రోజే రాసిపెట్టుకున్నాం. కారణాలు డైరీ నడిచేకొద్దీ వస్తాయి.

పీటర్ సాలొవే, జాన్ మేయర్ 1990లో ఉద్వేగ ప్రజ్ఞ అనే భావనను ప్రతిపాదించారు. 1997లో దాన్ని నాలుగు శాఖలుగా సవరించారు: ఉద్వేగాలను గ్రహించడం, ఆలోచనకు వాడుకోవడం, అర్థం చేసుకోవడం, అదుపు చేసుకోవడం. మేం తీసుకున్నది మూడోదాన్ని పూర్తిగా, మొదటిదాన్ని కొంతవరకు. నాలుగోదాన్ని వదిలేశాం. "ఇలాంటప్పుడు ఏం చేస్తే మంచిది?" అన్న ప్రశ్నకు జవాబు ఆ మనిషి ఏం కోరుకుంటున్నాడన్న దాని మీద ఆధారపడుతుంది. స్నేహం నిలవాలనుకునేవాడికి ఒక దారి, న్యాయం జరగాలనుకునేవాడికి ఇంకో దారి. అక్కడ తప్పు ఒప్పులు దిద్దడమంటే విలువలకు మార్కులు వేయడమే.

ఫొటోల్లో ముఖాలు చూపించి ఉద్వేగం పేరు అడిగే పద్ధతినీ పక్కన పెట్టాం. నటించిన ముఖాల ఫొటోలు చాలామందికి మరీ తేలిక. ఇక కళ్ల భాగం మాత్రమే చూపించే 36 ప్రశ్నల పరీక్ష ఉంది. సైమన్ బారన్-కోహెన్ బృందం 2001లో సవరించింది. అందులో నాలుగేసి మాటల్లోంచి ఒకటి ఎంచుకోవాలి. వాటిలో కొన్ని అరుదైన మాటలు కాబట్టి పదసంపద ఉన్నవాళ్లకు అదనపు లాభం దొరుకుతుంది. ఆ లాభాన్ని ఉద్వేగ అవగాహనగా లెక్కేసుకుంటే మోసపోయినట్టే.

కీ ఎవరు ఇవ్వాలి

ప్రాజెక్టు మొత్తంలో గట్టి ముడి ఇదే. గణితం పరీక్షలో జవాబు కీ గురించి తగాదా రాదు. "ఈ స్థితిలో ఆమెకు ఏమనిపిస్తుంది?" అని అడిగినప్పుడు సరైన జవాబు ఏదో ఎవరు చెప్పాలి? నాలుగు దారులున్నాయి.

మొదటిది జనం మాట. ఎక్కువమంది ఏది ఎంచుకుంటే అదే సరైనది. 2002లో వచ్చిన మేయర్, సాలొవే, కరూసో పరీక్షలో 141 ప్రశ్నలున్నాయి. దానికి ఒక కీ ఇలా సాధారణ జనం జవాబుల నుంచే వచ్చింది. రెండోది ఉద్వేగాల మీద పరిశోధించే 21 మంది నిపుణుల నుంచి వచ్చింది. జనం కీలో లోపం ఏమిటంటే, దానితో కష్టమైన ప్రశ్న రాయడం కుదరదు. ఎక్కువమంది పొరబడే ప్రశ్నలో ఆ పొరపాటే కీ అయిపోతుంది, సరిగ్గా గ్రహించిన కొద్దిమందికి మార్కులు పోతాయి. పరుగు పందెంలో సగటు వేగానికి బంగారు పతకం ఇచ్చినట్టుంటుంది. నిపుణుల కీ కొంత మెరుగే కానీ, ఆ పరీక్షలో రెండు కీలూ చాలావరకు ఒకే స్కోర్లు ఇచ్చాయి. అంటే నిపుణులు జనం కంటే వేరుగా చూసింది తక్కువ.

మూడోది సిద్ధాంతం. కరోలిన్ మక్‌కాన్, రిచర్డ్ రాబర్ట్స్ 2008లో ప్రచురించిన 42 ప్రశ్నల పరీక్ష ఈ దారిలో నడిచింది. ఏ ఉద్వేగం ఏ పరిస్థితుల్లో పుడుతుందో ఐరా రోజ్‌మన్ చెప్పిన అప్రైజల్ సిద్ధాంతం నుంచి వాళ్లు కీ తీసుకున్నారు. నాలుగోది ఆ అనుభవం ఎవరిదో వాళ్ల మాట: మాట్లాడిన మనిషి తనకు ఏమనిపించిందో తనే చెబుతాడు, చూసినవాడి ఊహను దానితో పోల్చుతాం.

సన్నివేశ ప్రశ్నలకు (చిన్న కథ ఇచ్చి, అందులోని మనిషికి ఏమనిపించి ఉంటుందో అడిగేవి) మూడో దారి, వీడియోలకు (తమ సొంత సంగతి చెబుతున్నవాళ్లవి) నాలుగో దారి ఎంచుకున్నాం. ఇక తన ఉద్వేగాల సంగతికొస్తే, అక్కడ బయటినుంచి కీ ఇచ్చే దారే లేదు. కోపం వచ్చిందంటున్న మనిషికి "కాదు, నీకొచ్చింది భయం" అని ఏ ఆధారంతో చెబుతాం? అందుకే ఆ భాగంలో తప్పొప్పులు చూడటం మానేసి, ఉద్వేగాలను ఎంత విడదీసి చూడగలుగుతున్నారన్నది కొలవాలని నిర్ణయించాం.

వెర్షన్ 0.1: సన్నివేశాలు రాయడం

ప్రతి సన్నివేశానికీ నాలుగు గడుల చీటీ తయారైంది. జరిగింది కోరుకున్నదా, వద్దనుకున్నదా? దానికి కారణం తనా, మరొకరా, పరిస్థితులా? జరిగిపోయిందా, ఇంకా అనుమానంలో ఉందా? దాన్ని మార్చే వీలుందా, లేదా? గడులు నిండాక కీ దానంతటదే తేలుతుంది. వద్దనుకున్నది మరొకరి వల్ల జరిగి, ఎదురు చెప్పే వీలుంటే కోపం. పరిస్థితుల వల్ల వచ్చి, ఇంకా తేలకుండా ఉంటే భయం. పరిస్థితుల వల్లే వచ్చి, జరిగిపోయి, మార్చలేనిదైతే దుఃఖం. తన వల్లే జరిగితే పశ్చాత్తాపం. రాబోతుందనుకున్న కీడు తప్పిపోతే ఊరట.

ముందు చీటీ నింపి తర్వాత కథ రాయాలి. కథ రాసేశాక చీటీ నింపితే, రచయితకు ముందే తోచిన జవాబుకు తగ్గట్టు గడులు సర్దుకుంటాయి. సిద్ధాంతం పేరు మాత్రమే మిగిలి, కీ రచయిత సొంతమైపోతుంది.

ఒక నమూనా:

"లత చాలా రోజులు కష్టపడి తయారుచేసిన నివేదికను, సమావేశానికి గంట ముందు, ఆమె సహోద్యోగి తన పేరు పెట్టుకుని అందరికీ పంపాడు. లతకు అన్నిటికంటే ఎక్కువగా ఏమనిపించి ఉంటుంది?" ఆప్షన్లు: కోపం, పశ్చాత్తాపం, భయం, దుఃఖం, విసుగు. కీ: కోపం.

దీనికి జంట ప్రశ్నలో ఒకే ఒక్క గడి మారుతుంది: "లత చాలా రోజులు కష్టపడి తయారుచేసిన నివేదికను, సమావేశానికి గంట ముందు, వేరే ఫైలు అనుకుని తనే చెరిపేసింది." ఆప్షన్లు అవే, కీ పశ్చాత్తాపం. ఇలా 36 మూల కథలు, ఒక్కోదానికి రెండు రూపాలు, మొత్తం 72 ప్రశ్నలు. జంటలో ఒకటి ఎ ఫారంలోకి, రెండోది బి ఫారంలోకి పోతుంది. రెండూ ఒకే ఫారంలో పెడితే చదివేవాళ్లు తేడా ఎక్కడుందో వెతికి జవాబు పట్టేస్తారు. అది పజిల్ అవుతుంది గానీ ఉద్వేగ అవగాహన కాదు.

రాసేటప్పుడు చెడిపోయే చోట్లు:

కథలోనే ఉద్వేగం మాట దొర్లడం. "దిగులుగా కూర్చుంది", "మొహం మాడిపోయింది" లాంటివి జవాబు అందించేస్తాయి. కథలో జరిగిన సంగతులే ఉండాలి.

ఆప్షన్లలో ఒక్కటే చెడు ఉద్వేగం, మిగిలినవన్నీ మంచివి కావడం. అప్పుడు మంచిదా చెడ్డదా అన్నది తెలిస్తే చాలు. అయిదింటిలో కనీసం మూడు కీ ఉన్న వైపువే ఉండాలన్నది నియమం.

పక్కపక్కనే ఉండే మాటలు. కోపం ఉన్నచోట ఆగ్రహం వద్దు, దుఃఖం ఉన్నచోట విచారం వద్దు. "బాధ"ను ఆప్షన్ల జాబితాలోంచే తీసేశాం. చెడు ఎక్కడ జరిగినా ఆ మాట సరిపోతుంది కాబట్టి, అది ఉన్న ప్రతి ప్రశ్నలోనూ జవాబులను లాగేసుకుంటుంది. చివరికి 16 మాటల జాబితా మిగిలింది.

కథ నిడివి 10 నుంచి 30 మాటలు. అంతకు మించితే జ్ఞాపకశక్తి కొలుస్తున్నట్టు అవుతుంది.

వెర్షన్ 0.2: పైకి ఆలోచించమని అడగడం

సంఖ్యల జోలికి పోకముందు ఎనిమిది నుంచి పది మందిని ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి, ప్రశ్న చదువుతూ మనసులో తట్టినదంతా పైకి చెప్పమనాలి. అడిగేవాళ్లు "ఎందుకలా అనుకున్నారు?" అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకోవాలి. సరైన జవాబు వచ్చినప్పుడు కూడా అడగాలి. సరైన జవాబుకు తప్పుడు కారణం చెబితే ఆ ప్రశ్న కూడా చెడ్డదే.

రెండు రకాల జారుడు ఇక్కడే బయటపడుతుంది. కొందరు కథలో లేని సంగతులు చేర్చుకుంటారు: ఆ సహోద్యోగి పై అధికారైతే కోపం కాదు, భయమే అంటారు. వాళ్ల తర్కం సరైనదే, లోపం కథది. "అదే హోదాలో ఉన్న సహోద్యోగి" అని చేర్చాక ఆ దారి మూసుకుంది. మరికొందరు ఏమనిపిస్తుందన్నది వదిలేసి, ఏమనిపించాలో చెబుతారు: "అంత చిన్నదానికి కోపం తెచ్చుకోకూడదు." ప్రశ్నను "లత స్థానంలో ఉన్న చాలామందికి" అని మార్చకుండా, "లతకు ఏమనిపించి ఉంటుంది" అనే ఉంచి, సూచనల్లో "ఎలా ఉండాలన్నది కాదు, ఎలా ఉండి ఉంటుందన్నదే అడుగుతున్నాం" అని ఒక వాక్యం చేర్చాం. "చాలామందికి" అని రాస్తే మళ్లీ జనం మాట దొంగదారిన వచ్చేస్తుంది.

వెర్షన్ 0.3: పది మంది పరిశీలకులు

కీ చూపించకుండా పది మంది పరిశీలకులకు మొత్తం 72 ప్రశ్నలూ ఇవ్వాలి. విడివిడిగా జవాబులు రాయాలి, ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. పదిమందిలో ఎనిమిది మంది సిద్ధాంతం చెప్పిన కీకే వస్తే ప్రశ్న నిలుస్తుంది. ఇది మళ్లీ నిపుణుల కీయే కదా అనొచ్చు. తేడా ఉంది: ఇక్కడ పరిశీలకులు కీని మార్చలేరు, ప్రశ్నను కొట్టేయడం వరకే వాళ్ల అధికారం.

ఎనిమిది అన్న హద్దు పైకి కనిపించినంత గట్టిది కాదు. అయిదు ఆప్షన్లలో గుడ్డిగా ఎంచుకుంటే పదికి ఎనిమిది కుదరడం పదివేలలో ఒక్కసారి కూడా జరగదు. కానీ పరిశీలకులు గుడ్డిగా ఎంచుకోరు. ప్రశ్న అస్పష్టంగా ఉన్నప్పుడు రెండు ఆప్షన్ల మధ్య ఊగుతారు. అప్పుడు ఎనిమిది గానీ అంతకంటే ఎక్కువ గానీ కీ వైపు పడే అవకాశం 5.5 శాతం. 72 ప్రశ్నలూ అలాంటివే అయినా నాలుగు గట్టెక్కేస్తాయి. అందుకే ప్రతి ప్రశ్నకూ "దీని తర్వాత దగ్గరగా అనిపించిన జవాబు" అనే రెండో గడి పెట్టాలి. సగంమందికి మించి ఒకే ఆప్షన్‌ను రెండో జవాబుగా రాస్తే, ఎనిమిది మార్కు దాటినా ఆ ప్రశ్న తిరిగి రాయాల్సిందే.

ఎక్కువగా కూలిపోయేవి సిగ్గు, పశ్చాత్తాపం మధ్య తేడా అడిగే ప్రశ్నలు. నలుగురి కళ్లూ తన మీద ఉన్నాయన్న సంగతి కథలో కచ్చితంగా ఉంటే తప్ప సిగ్గు నిలబడదు.

సొంత ఉద్వేగాలు, మొదటి పనిముట్టు: ప్రశ్నావళి

ఇక్కడ రెండు పాత కొలమానాలు దారి చూపుతాయి. సాలొవే బృందం 1995లో ప్రచురించినదానిలో మూడు పాయలున్నాయి: ఉద్వేగాలపై ధ్యాస, వాటిలో స్పష్టత, చెడు మూడ్‌ను సరిచేసుకోవడం. రెండోది 1994 నాటి టొరంటో అలెక్సితైమియా కొలమానం. ఉద్వేగాలను గుర్తించడం, మాటల్లో పెట్టడం కష్టమయ్యే స్థితిని అది 20 వాక్యాలతో కొలుస్తుంది. గుర్తించడంలో ఇబ్బందికి 7, వర్ణించడంలో ఇబ్బందికి 5, బయటి విషయాలవైపే మొగ్గే ఆలోచనకు 8. మూడో భాగంలో అంతర్గత పొందిక తక్కువగా వస్తుందన్నది పదేపదే కనిపించిన సంగతి.

రెండింటిలోని వాక్యాలనూ ఎత్తి వాడటం లేదు. స్పష్టత ఒక్కదానికే 12 సొంత వాక్యాలు రాశాం, ఆరు నిటారు, ఆరు తిరగేసినవి. "నాకేమనిపిస్తోందో ఆ క్షణంలోనే తెలుస్తుంది" ఒకటైతే, "మనసు బాగోలేదని తెలుసు గానీ అది ఏమిటో చెప్పలేను" ఇంకొకటి. 1 నుంచి 5 వరకు స్కేలు. తిరగేసిన వాక్యాల స్కోరు 6 లోంచి తీసేయాలి. ఇది మర్చిపోతే ఆల్ఫా (వాక్యాలన్నీ ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నాయో చెప్పే అంకె) బాగా పడిపోతుంది, ఒక్కోసారి మైనస్‌లోకి కూడా పోతుంది. ఆల్ఫా మైనస్ వస్తే ముందు చూడాల్సింది ఇదే.

ఇక్కడొక తిరకాసు ఉంది. చదవకుండా అన్నిటికీ 5 నొక్కుకుంటూ పోయినవాడికి, సగం వాక్యాలు తిరగేశాక వచ్చే సగటు సరిగ్గా 3. అంటే నిర్లక్ష్యంగా నింపినవాడు పట్టికలో చక్కటి సగటు మనిషిలా కనిపిస్తాడు. అందుకే వరసగా ఒకే అంకె ఎన్నిసార్లు వచ్చిందో తిరగేయకముందే లెక్కించాలి. వరసగా పది దాటితే ఆ కాగితం పక్కకు.

ఎంత జాగ్రత్తగా చేసినా ఈ పనిముట్టు కొలిచేది నమ్మకాన్నే, సామర్థ్యాన్ని కాదు. తన ఉద్వేగాలు తనకు తెలియవన్న సంగతి కూడా తెలియనివాడు ఇక్కడ మంచి స్కోరు తెచ్చుకుంటాడు. అందువల్లే రెండోది కావాల్సి వచ్చింది.

సొంత ఉద్వేగాలు, రెండో పనిముట్టు: ఫోన్ నమోదులు

ఇది 50 నిమిషాల కూర్చోడంలోకి రాదు, దాని బయట విడిగా నడుస్తుంది. 14 రోజులు, రోజుకు అయిదు సార్లు ఫోన్ మోగుతుంది. మొత్తం 70 నమోదులు. మోగిన ప్రతిసారీ ఎనిమిది స్లైడర్లు, 0 నుంచి 100 వరకు: కోపం, దుఃఖం, భయం, సిగ్గు, సంతోషం, ఊరట, ఉత్సాహం, ప్రశాంతత. మెలకువగా ఉండే 15 గంటలను అయిదు ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో అనుకోని వేళకు మోగించాలి. ఒకటి ముక్క చివర, తర్వాతది ముక్క మొదట పడి రెండూ అంటుకుపోకుండా కనీసం అరగంట ఎడం ఉండాలి. మోగిన 15 నిమిషాల్లో జవాబు రాకపోతే ఆ నమోదు మూసేయాలి. రాత్రి పడుకోబోయే ముందు అయిదూ ఒకేసారి నింపనిస్తే మిగిలేది జ్ఞాపకమే.

స్లైడర్ బిందువు ముందే 50 దగ్గరో 0 దగ్గరో ఉండకూడదు. వేలితో తాకిన చోటే కనిపించాలి. ముందే ఒకచోట ఉంటే జవాబులు ఆ చుట్టూ ముసురుతాయి.

ఈ లెక్కలో తప్పొప్పులు లేవు. చూసేది ఒక్కటే: ఈ మనిషి చెడు ఉద్వేగాలను విడివిడిగా గుర్తిస్తున్నాడా, అన్నిటినీ ఒకే ముద్దగా "బాగోలేదు" అంటున్నాడా? ఉదాహరణకు కోపం, దుఃఖం, భయం, సిగ్గు వరసలో ఒకరి మూడు నమోదులు ఇలా ఉన్నాయనుకుందాం: 60, 58, 62, 60; 20, 22, 18, 20; 40, 41, 39, 40. నాలుగూ కలిసే లేస్తున్నాయి, కలిసే పడుతున్నాయి. ఐసీసీ (ఇంట్రాక్లాస్ సహసంబంధం, నాలుగూ ఎంతమేరకు కలిసి కదులుతున్నాయో చెప్పే అంకె) దాదాపు 1. మరొకరివి: 70, 10, 5, 0; 5, 60, 10, 40; 0, 5, 75, 15. ఒక్కోసారి ఒక్కోటి లేస్తోంది. ఐసీసీ చాలా తక్కువ. తక్కువ ఐసీసీ అంటే ఎక్కువ విడదీత. మంచి చెడు ఉద్వేగాలకు వేరువేరుగా లెక్కకట్టాలి. కలిపేస్తే సంతోషం, దుఃఖం ఎదురెదురు దిక్కుల్లో కదలడాన్నే విడదీతగా పొరబడతాం.

ఐసీసీని ఫిషర్ జెడ్ (సహసంబంధాలను పోల్చడానికి వీలైన స్కేలులోకి మార్చే సూత్రం) లోకి మార్చి గుర్తు తిప్పితే చదవడం సులువు: 0.80కి –1.10, 0.50కి –0.55. పెద్దదైన కొద్దీ విడదీత ఎక్కువ.

ఇబ్బందులు మూడు చోట్ల వస్తాయి. పైన రెండో మనిషి ఉదాహరణలో ఐసీసీ మైనస్‌లోకి పోతుంది. అలాంటివాళ్లను డేటాలోంచి తీసేయడం ఒక ఆనవాయితీ, కానీ తీసేస్తే బాగా విడదీసేవాళ్లనే పోగొట్టుకుంటాం. సున్నాగా తీసుకుని, అలాంటివాళ్లు ఎందరో నివేదికలో చెప్పడం మేలనిపించింది. రెండోది, రెండు వారాలూ హాయిగా గడిచినవాళ్లు. చెడు స్లైడర్లన్నీ సున్నా దగ్గరే ఉంటే కొలవడానికి కదలికే ఉండదు. కనీసం 20 నమోదుల్లో ఏదో ఒక చెడు ఉద్వేగం 10 దాటకపోతే ఆ మనిషికి ఈ స్కోరు ఇవ్వం. మూడోది, సగటు తీవ్రత. విడదీత స్కోరు చెడు ఉద్వేగాల సగటుతో ముడిపడి రావచ్చు కాబట్టి, వేరేదానితో సంబంధం చూసే ప్రతి విశ్లేషణలోనూ ఆ సగటును కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఎదుటివాళ్లు: వీడియో పని

జమీల్ జాకీ, నియాల్ బోల్గర్, కెవిన్ ఆక్స్‌నర్ 2008లో ప్రచురించిన పద్ధతి దీనికి ఆధారం. ఒకరు తన జీవితంలో జరిగిన సంగతి చెబుతుంటే రికార్డు చేస్తారు. తర్వాత ఆయనే ఆ వీడియో చూసుకుంటూ, ఏ క్షణంలో ఎలా అనిపించిందో 1 నుంచి 9 స్కేలు మీద జరుపుతూ పోతారు. చూసేవాళ్లు అదే వీడియోకి అదే స్కేలు జరుపుతారు. రెండు గీతల మధ్య సహసంబంధమే (అవి ఎంతమేరకు కలిసి కదులుతున్నాయన్న అంకే) స్కోరు.

మా సెట్టులో ఎనిమిది వీడియోలు, ఎనిమిది మంది వేరువేరు మనుషులు, నాలుగు మంచి సంగతులు, నాలుగు చెడ్డవి, ఒక్కోటి 150 సెకన్లు. రెండేసి సెకన్ల సగటు తీస్తే వీడియోకు 75 బిందువులు. మొదటి 10 సెకన్లవి అయిదు బిందువులు పారేయాలి. అందరి స్కేలూ 5 దగ్గర మొదలవుతుంది కాబట్టి, అక్కడినుంచి కదలడమే రెండు గీతల్లో పోలిక పుట్టిస్తుంది. మిగిలేవి 70.

చూసేవాళ్ల గీత మాట్లాడినవాళ్ల గీత కంటే కాస్త వెనకబడి నడుస్తుంది. విని, గ్రహించి, చేతిని కదపడానికి సమయం పడుతుంది. దీన్ని సరిచేయడానికి ఒక్కొక్కరికీ బాగా కుదిరే జరుపుడు వెతికితే అందరి స్కోర్లూ కృత్రిమంగా పెరుగుతాయి. అందరికీ ఒకే జరుపుడు, ఒక బిందువు, అంటే రెండు సెకన్లు. మాట్లాడినవాళ్ల గీతే చదునుగా ఉంటే సహసంబంధానికి అర్థం లేదు. ప్రామాణిక విచలనం 1 కంటే తక్కువున్న వీడియోను సెట్టులోకి తీసుకోవడం లేదు.

ఆ 2008 అధ్యయనంలో తేలిన సంగతి ఒకటి ఈ సెట్టు రూపాన్నే మార్చింది. చూసేవాళ్లు తమకు ఉందని చెప్పుకున్న సహానుభూతికీ, వాళ్ల కచ్చితత్వానికీ సంబంధం కనిపించింది మాట్లాడినవాళ్లు ఉద్వేగాలను బాగా బయటికి కనబరిచినప్పుడే. అంటే స్కోరు చూసేవాళ్లది మాత్రమే కాదు, మాట్లాడినవాళ్లది కూడా. కాబట్టి అందరికీ అవే ఎనిమిది వీడియోలు చూపాలి. ఒకరికి కొన్ని, ఇంకొకరికి మరికొన్ని చూపితే పోల్చడం కుదరదు.

రెండు అడ్డు పరీక్షలు తప్పనిసరి. ఒకటి: చూసినవాళ్ల గీతను ఆ వీడియోతో కాకుండా వేరే వీడియోలోని మనిషి గీతతో పోల్చాలి. అక్కడ కూడా సహసంబంధం బాగా వస్తే, చూసేవాళ్లు ఆ మనిషిని గమనించడం లేదు. "కథలు ఇలాగే నడుస్తాయి" అన్న అచ్చును అప్పజెబుతున్నారు. రెండు: మరో గుంపుకు వీడియో లేకుండా, మాటలను మాత్రం అదే వేగంతో తెర మీద చూపాలి. వాళ్లూ అంతే బాగా చేస్తే ముఖం, గొంతు ఈ స్కోరుకు చేర్చినదేమీ లేదని అర్థం. ఆ వీడియోలకు బదులు, మాటల్లో ఒకటి చెబుతూ గొంతులో మరొకటి పలికేవాటిని వెతకాలి. అలాంటివి దొరకడం కష్టం. ఈ డైరీలో నెమ్మదిగా కదులుతున్న పని ఇదే.

రికార్డుకు అనుమతి తీసుకునేటప్పుడు ఎవరెవరు చూస్తారు, ఎంతకాలం ఉంచుతాం, ఎప్పుడు తీసేయమన్నా తీసేస్తామన్నవి మూడూ కాగితం మీద ఉండాలి. ఒక వీడియో వెనక్కి తీసుకుంటే స్కోర్లన్నీ మళ్లీ కట్టాలి కాబట్టి, అదనంగా నాలుగు వీడియోలు సిద్ధంగా పెట్టుకోవాలి.

పైలట్ విశ్లేషణకు ముందే రాసిపెట్టుకున్న నియమాలు

డేటా చూశాక నియమాలు పెట్టుకుంటే నచ్చిన ప్రశ్నలన్నీ నిలుస్తాయి. అందుకే ముందే:

సరైన జవాబు ఇచ్చినవాళ్లు 30 శాతం లోపు గానీ 85 శాతం పైన గానీ ఉంటే ఆ ప్రశ్న అనుమానితం. మిగతా ప్రశ్నల మొత్తంతో సహసంబంధం 0.20 కంటే తక్కువైతే బయటికి. నూటికి అయిదుగురు కూడా ఎంచుకోని తప్పు ఆప్షన్ ఉంటే మార్చాలి. మంచి స్కోరు వచ్చినవాళ్లు ఒక తప్పు ఆప్షన్‌నే ఎక్కువగా ఎంచుకుంటుంటే, వాళ్లను తప్పుపట్టేముందు చీటీలోని గడులు మళ్లీ చూడాలి.

ఈ రకం పరీక్షల్లో ప్రశ్నలు ఒకదానికొకటి పెద్దగా పోలవు కాబట్టి విశ్వసనీయత (స్కోరు ఎంత నిలకడగా వస్తుందో 0 నుంచి 1 వరకు చెప్పే అంకె) అంత తేలిగ్గా పెరగదు. 20 ప్రశ్నలకు 0.60 వచ్చిందనుకుంటే, స్పియర్‌మన్–బ్రౌన్ సూత్రం ప్రకారం అలాంటివే 30 ఉంటే 0.69, 40 ఉంటే 0.75. 36లో కొన్ని కొట్టేశాక మా ఫారంలో 30 ప్రశ్నలుంటాయి. ఒక్కోదానికి 40 సెకన్ల చొప్పున 20 నిమిషాలు. వీడియోలకు ఇంకో 20, ప్రశ్నావళికి 3, పైలట్‌లో మాత్రమే ఉండే పదసంపద పరీక్షకు 5. నలభై ప్రశ్నలు పెడితే 50 నిమిషాల హద్దు దాటిపోతుంది.

పదసంపద పరీక్ష ఎందుకంటే, సన్నివేశాల స్కోరు తెలుగు చదివి అర్థం చేసుకునే నేర్పునే కొలుస్తోందేమో చూడాలి. పైపై సహసంబంధం చూసి ఊరటపడకూడదు. రెండు పరీక్షల విశ్వసనీయతలు 0.60, 0.80 అయితే వాటి మధ్య కనిపించగలిగిన గరిష్ఠ సహసంబంధమే 0.69. అలాంటప్పుడు 0.42 వచ్చిందంటే అసలు సంబంధం 0.61 దరిదాపుల్లో ఉందన్నమాట. సవరించిన ఈ విలువ 0.70 దాటితే కథలను ఇంకా తేలిక మాటల్లోకి తిరిగి రాస్తాం.

స్త్రీ పురుషుల సగటుల మధ్య తేడా రావచ్చు. సామర్థ్య పరీక్షల్లో స్త్రీల సగటు కాస్త ఎక్కువగా రావడం తరచూ కనిపిస్తుంది. ఆ తేడాను చెరిపేయడం మా పని కాదు. మొత్తం స్కోరు సమానంగా ఉన్న స్త్రీ పురుషులు ఏదైనా ఒక్క ప్రశ్నలో వేరుగా చేస్తున్నారా అన్నదే మాంటెల్–హాన్సెల్ పద్ధతితో చూడాలి. అందుకు ఒక్కో గుంపులో 200 మందైనా ఉండేలా చూసుకుంటున్నాం.

ఫలితాల కాగితం రూపం

నాలుగు స్కోర్లు, నాలుగు వరసలు, మొత్తం అనే గడి లేదు. మార్క్ బ్రాకెట్, మేయర్ 2003లో ప్రచురించిన అధ్యయనంలో ఒక సామర్థ్య పరీక్షకూ, ఒక ప్రధాన స్వీయ ప్రశ్నావళికీ మధ్య సహసంబంధం 0.21. రెండూ పంచుకున్న వైవిధ్యం 4 శాతం చిల్లర. అంత దూరంగా ఉన్నవాటిని కూడి పేరు పెడితే ఆ పేరుకు అర్థం ఉండదు.

మనిషి మనిషికీ ఇచ్చే స్కోరు పక్కన పొరపాటు హద్దు కూడా ముద్రించాలి. సన్నివేశాల్లో ప్రామాణిక విచలనం 5, విశ్వసనీయత 0.70 అయితే కొలత పొరపాటు 2.7, అంటే 95 శాతం హద్దు అటూ ఇటూ 5.4. ఇద్దరిని పోల్చాలంటే తేడా కనీసం 7.6 ఉండాలి. 30కి 21 వచ్చినవాళ్లనూ 26 వచ్చినవాళ్లనూ ఈ పరీక్ష వేరుచేసి చెప్పలేదు. ఉద్యోగాల ఎంపికకు వాడతామని అడిగేవాళ్లకు ఈ ఒక్క లెక్కే జవాబు. పైగా ఉద్యోగం కోసం కూర్చున్నవాడు స్పష్టత ప్రశ్నావళిని తనకు అనుకూలంగానే నింపుతాడు. గుంపుల సగటులు పోల్చడానికి, శిక్షణ ముందూ వెనకా చూడటానికి మాత్రం ఇది పనికొస్తుంది. శిక్షణకు ముందు ఎ ఫారం ఇస్తే తర్వాత బి ఇవ్వాలి. సగంమందికి ముందు బి, తర్వాత ఎ.

ప్రస్తుత స్థితి

సన్నివేశాలు 0.3లో ఉన్నాయి, సిగ్గు ప్రశ్నలు తిరిగి రాయాలి. ఫోన్ నమోదుల యాప్‌లో స్లైడర్ సవరణ అయిపోయింది, ముక్కల మధ్య అరగంట ఎడం పాటిస్తోందో లేదో లాగ్‌లు చూసి తేల్చాలి. మాటలకూ గొంతుకూ పొంతన కుదరని వీడియోలు ఇంకా రెండు కావాలి. ఎ, బి ఫారాలను నాలుగు వారాల ఎడంతో అదే మనుషులకు ఇచ్చి చూడటం పైలట్ తర్వాతి పని.